జులైలో ఒంటరిగా శ్రీలంక, 14 రాత్రులు: ఎటు వెళ్లాలి, ఎలా తిరగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది వరంగల్, వయసు 26, హైదరాబాద్‌లో ఉద్యోగం. జులైలో 14 రాత్రులు, వీపున ఒక్క బ్యాగుతో, బస్సుల్లో రైళ్లలో శ్రీలంక తిరిగి రావాలని ఉంది. కొలంబో, గాలే, ఉనవటున, మిరిస్సా, యాల, ఎల్లా, నువారా ఎలియా, క్యాండీ, సిగిరియా, ట్రింకోమలీ, జాఫ్నా అంటూ 11 చోట్లు రాసుకున్నారు. మాంసం, చేపలు తినరు. ఇంట్లో అమ్మ ఒప్పుకోవడం లేదు. ఆడపిల్ల ఒక్కతే వెళ్తే క్షేమమేనా, ఈ ప్లాన్ కుదురుతుందా, ఖర్చెంత అని అడిగారు.

నా జవాబు: తప్పకుండా వెళ్లండి, కానీ ఈ ప్లాన్‌తో వద్దు. జులైలో దక్షిణ, పడమర తీరాలు మీ లిస్టులోంచి తీసేయండి. దిగిన రాత్రి, చివరి రాత్రి పోను 11 చోట్లను ఐదుకు తగ్గించండి. ప్రతి ప్రయాణమూ పొద్దున మొదలుపెట్టి, వెలుతురుండగానే గదికి చేరేలా చూసుకోండి. ఈ మూడూ పాటిస్తే ఒంటరిగా మొదటి విదేశీ ప్రయాణం చేయడానికి మన దగ్గర్లో ఇంతకన్నా మంచి దేశం నాకు తెలియదు.

నేను మొదట బౌద్ధ క్షేత్రాలు చూడాలని వెళ్లాను. తర్వాత ఆ దేశం మీద ఇష్టంతో ఏళ్లుగా ఒక్కదాన్నే వెళ్లి వస్తున్నాను. మొదటిసారి వెళ్లే అమ్మాయిలు అడిగితే ప్లాన్ వేసి పెడుతుంటాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు వాన సంగతి, ఎందుకంటే ప్లాన్ అంతా దాని మీదే ఆధారపడుతుంది. దేశం మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. అంత చిన్న దేశంలోనూ ఒకేసారి రెండు కాలాలు నడుస్తాయి. మే చివర్లో వచ్చే నైరుతి గాలుల్ని మధ్యలోని కొండలు ఆపేస్తాయి. అందుకని మే నుంచి సెప్టెంబరు దాకా కొలంబో, గాలే, మిరిస్సా, నువారా ఎలియా వైపు వానలు, దక్షిణాన సముద్రం ఉద్ధృతంగా ఉంటుంది. అదే రోజుల్లో కొండలకు అవతల అనురాధపుర, సిగిరియా, ట్రింకోమలీ, జాఫ్నా పొడిగా ఎండ కాస్తుంటాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలులు వీచేటప్పుడు ఇది తిరగబడుతుంది. మీరు చూసిన వీడియోల్లో మిరిస్సా నీలంగా, ప్రశాంతంగా ఉందంటే అది జనవరిలోనో ఫిబ్రవరిలోనో తీసినదై ఉంటుంది. జులైలో అక్కడ ఎర్రజెండాలు కనిపిస్తాయి. లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. ఒంటరిగా వెళ్లినవాళ్లు నీళ్లలో చిక్కుకుంటే ఒడ్డున చూసి కేకలు వేసే మనిషి కూడా ఉండరు. క్షేమం గురించి అడిగారు కదా, దొంగల కన్నా ముందు సముద్రం గురించి చెప్పాలనిపించింది.

కొండల్లోనూ ఈ తేడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. నువారా ఎలియా, హట్టన్ వైపు జులైలో వాన, మంచు. కానీ కొండల తూర్పు వాలులో ఉన్న ఉవ ప్రాంతం, అంటే హపుతలే, బండారవెల, ఎల్లా, ఆ నెలల్లో పొడిగా గాలి వీస్తూ ఉంటుంది. ఉవ టీ ఆకుకు మంచి రుచి వచ్చేది కూడా జులై నుంచి సెప్టెంబరు దాకా వీచే ఈ పొడిగాలికే. అందుకే నువారా ఎలియా తీసేసి హపుతలే పెట్టమంటున్నాను. శ్రీపాద కొండ కూడా ఈసారి వద్దు. దాని యాత్రాకాలం డిసెంబరు పౌర్ణమి నుంచి మే నెల వెసాక్ పౌర్ణమి దాకా. ఆ రోజుల్లో రాత్రంతా దీపాలు, టీ కొట్లు, వేలమంది భక్తులు ఉంటారు కాబట్టి ఆడవాళ్లు ఒంటరిగా ఎక్కినా భయముండదు. జులైలో దారంతా చీకటి, మెట్ల మీద పాకుడు, జలగలు.

మీ జులైకి నేను వేసే దారి ఇది: నెగొంబోలో ఒక రాత్రి, అనురాధపురలో రెండు, ట్రింకోమలీలో మూడు, సిగిరియా దగ్గర రెండు, క్యాండీలో రెండు, హపుతలేలో మూడు, చివరి రాత్రి కొలంబో. జాఫ్నా లేదు. అది నాకు చాలా ఇష్టమైన ఊరు, కాబట్టే హడావుడిగా చూడొద్దంటున్నాను. మరీ మనసు లాగితే హపుతలే మానేసి అనురాధపుర తర్వాత జాఫ్నాకు మూడు రాత్రులు ఇవ్వండి. రెండూ కావాలంటే మాత్రం కుదరదు.

మ్యాపులో దూరం చూసి మోసపోవద్దు. క్యాండీ నుంచి ఎల్లాకు రోడ్డు మీద 140 కిలోమీటర్లు కూడా ఉండదు, రైలుకు మాత్రం ఆరేడు గంటలు. బస్సులు వేగంగానే పోతాయి కానీ ఊరూరా ఆగుతాయి. నేను ప్లాన్ వేసి పెట్టిన ఒక అమ్మాయి చివరి నిమిషంలో మరో నాలుగు ఊళ్లు కలుపుకుని వెళ్లింది. మొదటి వారం గడిచేసరికి ఆమెకు గుర్తున్నవన్నీ బస్టాండులే. ఫోన్ చేసి ఏడ్చేసింది. మిగతావి రద్దు చేసుకుని ట్రింకోమలీలో నాలుగు రోజులు ఉండిపొమ్మన్నాను. ఆ నాలుగు రోజుల గురించే ఇప్పటికీ చెబుతుంది. ఒంటరి ప్రయాణంలో అలసట త్వరగా మీద పడుతుంది. బ్యాగు చూసుకోవడం, దారి అడగడం, బేరం ఆడటం, అన్నీ మీరే కదా. మూడు రాత్రులు ఒకేచోట ఉంటే రెండో రోజుకల్లా టీ కొట్టు ఆవిడ మిమ్మల్ని గుర్తుపడుతుంది. క్షేమంగా ఉండటానికి అంతకు మించినది లేదు.

ఇక దారి పొడవునా చెబుతాను.

విమానాశ్రయం కొలంబోలో కాదు, ఉత్తరాన కటునాయకేలో ఉంది. రాత్రి దిగితే కొలంబోకి పోకుండా పది కిలోమీటర్ల దూరంలోని నెగొంబోలో పడుకోండి. బయటికి వచ్చే హాల్లోనే బ్యాంకు కౌంటర్లలో డబ్బు మార్చుకోవచ్చు, పాస్‌పోర్టు చూపించి డయలాగ్ లేదా మొబిటెల్ సిమ్ తీసుకోవచ్చు. పగలు దిగి కొలంబో వెళ్లాలంటే 187 నంబరు బస్సు ఉంది. ఆటోను అక్కడ టుక్‌టుక్ అంటారు. పిక్‌మీ అనే యాప్ ముందే ఫోన్‌లో పెట్టుకోండి. చిన్న ఊళ్లలో యాప్ బండి దొరకకపోయినా అది చూపించే ధరతో బేరానికి ఒక లెక్క తెలుస్తుంది.

అనురాధపురలో సైకిల్ అద్దెకు తీసుకోండి. క్షేత్రం చాలా విశాలం, నేల చదును, చెట్ల నీడ. శ్రీ మహాబోధి, రువన్వెలిసాయ స్తూపం, జేతవనం నిదానంగా ఒకటిన్నర రోజు. జేతవన స్తూపం కట్టినప్పుడు 120 మీటర్లకు పైనే ఎత్తు. స్తూపాల దగ్గర రాళ్లు కాలిపోతుంటాయి, చెప్పులు బయటే విప్పాలి, ఒక జత సాక్సులు బ్యాగు పైజేబులో పెట్టుకోండి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగితే అక్కడివాళ్లు చాలా నొచ్చుకుంటారు, పోలీసుల దాకా వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. మన చుడీదార్, చున్నీ అన్నిచోట్లా సరిపోతాయి.

తెలుగువాళ్లకు అనురాధపురలో నిలబడితే ఒళ్లు పులకరించడానికి కారణం ఉంది. మన నాగార్జునకొండలో 3వ శతాబ్దపు బోధిసిరి శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. లంక భిక్షువులు కృష్ణా తీరానికి వచ్చి ఉండేవారన్నమాట. అమరావతి శైలి సున్నపురాతి శిల్పాలు లంకలోనూ దొరికాయి. వెళ్లేముందు ఒక ఆదివారం నాగార్జునకొండ మ్యూజియం చూసి వెళ్లండి, అనురాధపురలో చంద్రశిలలు (మెట్ల ముందు పరిచే అర్ధచంద్రాకారపు చెక్కడపు రాళ్లు), స్తూపాలు చూసినప్పుడు ఎంత దగ్గరగా అనిపిస్తాయో. ఇంకో మాట. అనురాధపుర జిల్లాలోనే కుడాగమలో, తూర్పున అక్కరైపట్టు దగ్గర అలిగంబేలో తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్న అహికుంటక కుటుంబాలున్నాయి. పాములాడించడం, చెయ్యి చూసి జోస్యం చెప్పడం వాళ్ల పాత వృత్తులు. తెలుసుకోండి, చదవండి. కానీ పిలవని చోటికి కెమెరా పట్టుకుని మాత్రం పోవద్దు. వాళ్లవి పేద ఇళ్లు, చూసి పోయే స్థలాలు కావు.

అనురాధపుర నుంచి ట్రింకోమలీ బస్సులో సుమారు మూడు గంటలు. జులైలో ట్రింకో సముద్రం మీరు వీడియోల్లో చూసిన మిరిస్సాలా ఉంటుంది. ఉప్పువెలి తీరంలో ఉండండి, అక్కడ ఒంటరిగా తిరిగేవాళ్లకు హాస్టళ్లు, ఇంటివాళ్లు నడిపే గెస్ట్‌హౌస్‌లు రెండూ ఉన్నాయి. నిలావెలి నుంచి పడవలో పిజన్ ఐలాండ్‌కు వెళ్తే పగడపు దిబ్బల మధ్య చేపల్ని నీళ్లలో మొహం పెట్టి చూడొచ్చు. పడవ కిరాయి మొత్తం పడవకే, కాబట్టి హాస్టల్లో ముందురోజు సాయంత్రమే ఇంకో ముగ్గురిని కలుపుకోండి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు, ఈత వచ్చినా సరే.

కోణేశ్వర ఆలయం సముద్రం మీదికి పొడుచుకొచ్చిన స్వామి రాక్ కొండ మీద, ఫ్రెడరిక్ కోట లోపల ఉంది. కోటలో జింకలు తిరుగుతుంటాయి. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పడగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టినది. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవి పీఠం ఇక్కడిదే అని మనవాళ్ల నమ్మకం. అలంపురం, శ్రీశైలం, ద్రాక్షారామం, పిఠాపురం చూసిన అమ్మలకు ఈ మాట చాలా బరువైనది. మీ అమ్మగారికి ముందు ఈ గుడి గురించి చెప్పండి. ఒప్పించడానికి ఎత్తుగడగా చెప్పడం లేదు, ఆవిడ తరఫున అక్కడ దండం పెట్టుకుని కుంకుమ తెస్తానంటే ఆ ప్రయాణంలో ఆవిడకూ చోటు ఉంటుంది.

ట్రింకో నుంచి హబరణ మీదుగా సిగిరియా. 5వ శతాబ్దంలో కశ్యపుడనే రాజు దాదాపు 200 మీటర్ల రాతి మీద కట్టిన కోట అది. తెరిచే వేళకే ఎక్కండి, ఎండా ఉండదు, గుంపూ ఉండదు. కందిరీగల పట్టులున్నాయి కాబట్టి నిశ్శబ్దంగా ఉండమని బోర్డులు పెట్టారు, వాటిని నిజంగానే పాటించాలి. ఎదురుగా ఉన్న పిదురంగల టికెట్ చాలా తక్కువ, పైనుంచి సిగిరియా మొత్తం కనిపిస్తుంది. అయితే చివర్లో బండరాళ్ల మీద చేతులు పట్టి పాకాలి, సూర్యోదయానికి చీకట్లో ఎక్కాలంటే ఇంకెవరితోనైనా కలిసే వెళ్లండి. పాస్‌పోర్టు ఒరిజినల్ దగ్గరుంచుకోండి: సిగిరియా, అనురాధపుర, పొలొన్నరువల్లో సార్క్ (దక్షిణాసియా) దేశాలవాళ్లకు మిగతా విదేశీయులకన్నా టికెట్ ధర తక్కువ. అడగకపోతే పూర్తి ధర కొట్టేస్తారు.

జులై నుంచి సెప్టెంబరు దాకా మిన్నేరియా చెరువు దగ్గర ఏనుగులు వందల్లో చేరతాయి. ఎండాకాలంలో నీళ్లు తగ్గి, చెరువు ఒడ్డున పచ్చగడ్డి బయటపడుతుంది, దానికోసం వస్తాయి. మహాసేన రాజు తవ్వించిన చెరువు అది. జీపు కూడా నలుగురైదుగురు పంచుకుంటే భారం కాదు. ఏనుగుల మీద ఎక్కించే చోట్లకు మాత్రం డబ్బివ్వకండి, అడవిలో స్వేచ్ఛగా ఉన్నవి కళ్లముందే ఉండగా ఆ పని అక్కర్లేదు.

చీకటి పడేలోపు గదికి చేరమన్నానే, దానికి ఈ ప్రాంతంలో ఇంకో కారణం ఉంది. సిగిరియా, హబరణ రోడ్ల మీదికి సాయంత్రం కాగానే అడవి ఏనుగులు వస్తాయి. లంకలో ఏటా వందకు పైగా మనుషులు ఏనుగుల వల్ల చనిపోతున్నారు. పొద్దు వాలాక అక్కడ నడవొద్దు, సైకిల్ తొక్కొద్దు. ఇంటివాళ్లు "ఇప్పుడు వెళ్లొద్దు" అంటే వాదించకుండా ఆగిపోండి. మన గడియారం, వాళ్ల గడియారం ఒకటే, కానీ ఆరున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు, ఆ వెంటనే చీకటి పడిపోతుంది. అందుకే నేను మధ్యాహ్నం రెండు తర్వాత దూరపు బస్సు ఎక్కను. ఒకసారి ట్రింకో దారిలో బస్సు మధ్యలో చెడిపోయింది. కండక్టరు నన్నూ ఇంకో ముసలామెనూ వెనక వచ్చిన బస్సులో ఎక్కించి, మిగిలిన చార్జీ తిరిగిచ్చి, ఎక్కడ దిగాలో ఆ బస్సువాళ్లకు చెప్పి మరీ పంపాడు. పొద్దున బయల్దేరాను కాబట్టి మూడు గంటలు ఆలస్యమైనా వెలుతురులోనే దిగాను.

క్యాండీలో దలద మాళిగావకు, అంటే బుద్ధుడి దంతాన్ని ఉంచిన ఆలయానికి, సాయంత్రం పూజ వేళకు వెళ్లండి. ముందున్న ఎనిమిది మూలల మంటపం, ఊరి మధ్యలోని సరస్సు కట్టించింది క్యాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ. 1739 నుంచి 1815 దాకా ఏలిన నాయక్కర్ వంశం వాళ్లది, మధుర నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్నవాళ్లు. బ్రిటిష్‌వాళ్లు ఆయన్ని పట్టుకుని వేలూరుకు పంపేశారు, 1832లో అక్కడే కన్నుమూశాడు. ఒక్క హెచ్చరిక: జులై, ఆగస్టుల్లో వచ్చే ఎసల పెరహెర ఊరేగింపు రోజుల్లో గదుల ధరలు కొండెక్కుతాయి. తేదీలు చూసుకుని ఆ రోజులు ఉండాలో వద్దో ముందే తేల్చుకోండి.

క్యాండీ నుంచి హపుతలే రైలు ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టం. దారిలో పట్టిపొల స్టేషన్ దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంటుంది. రిజర్వేషన్ 30 రోజుల ముందు తెరుస్తారు, వెంటనే అయిపోతుంది. దొరకలేదని బయట రెట్టింపు ధరకు అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు. రిజర్వేషన్ లేని రెండో తరగతి టికెట్ ఆ రోజే కౌంటర్లో కొనొచ్చు, తెల్లవారుజామున వెళ్తే సీటు దొరికే అవకాశం ఉంటుంది. తలుపు దగ్గర వేలాడుతూ ఫోటోలు దిగొద్దు, సొరంగాలు, రాళ్లు చాలా దగ్గరగా వస్తాయి. అలా ప్రాణాలు పోయినవాళ్లున్నారు. 2025 నవంబరు చివర్లో దిత్వా తుపానుకు కొండచరియలు విరిగి ఈ మార్గం బాగా దెబ్బతింది. మీ తేదీలకు ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా బండి నడుస్తోందో క్యాండీ స్టేషన్లో అడిగాకే గది బుక్ చేసుకోండి. నడవని చోట బస్సు ఉంటుంది.

ఎల్లాలో కాకుండా హపుతలేలో ఎందుకంటే, ఎల్లా ఇప్పుడు పూర్తిగా కేఫ్‌ల ఊరు. తొమ్మిది కమానుల వంతెన ఒక పూట వెళ్లి చూసి రావచ్చు. హపుతలేలో మామూలు జనం, కూరగాయల సంత, తెల్లారేసరికి లోయలో మంచు. అక్కడి నుంచి లిప్టన్స్ సీట్ కొండకు టీ తోటల మధ్య పైకి టుక్‌టుక్‌లో వెళ్లి కిందికి నడిచి రండి. తోటల్లో పనిచేసే తమిళ స్త్రీలు పలకరిస్తారు. వాళ్ల ఫోటో తీసేముందు అడగండి.

ఆడపిల్లగా జాగ్రత్తలు. పెద్ద నేరాల భయం తక్కువ. ఇబ్బంది పెట్టేవి చూపులు, రద్దీ బస్సుల్లో చేతులు, "ఒక్కదానివేనా? పెళ్లయిందా?" అనే ప్రశ్నలు. బస్సులో ఆడవాళ్ల పక్కనే కూర్చోండి. ముందు వరుస సీట్లు భిక్షువులకు వదిలేయాలి, వాళ్ల పక్కన స్త్రీలు కూర్చోరు. ఎవడైనా తాకితే మొహమాటపడకుండా గట్టిగా అరవండి, బస్సంతా మీ వైపే నిలబడుతుంది, నేను చూశాను. ఏ గదిలో ఉంటున్నారో దారిలో కలిసినవాళ్లకు చెప్పొద్దు, "స్నేహితురాలు గదిలో ఎదురు చూస్తోంది" అంటే చాలు. తీరప్రాంతాల్లో అతిగా స్నేహం చేసే గైడ్ల నుంచి మర్యాదగా దూరం జరగండి.

గది విషయంలో నా నియమం ఒకటే: ఇంటావిడ అదే ఇంట్లో ఉండే గెస్ట్‌హౌస్, లేదా ఆడవాళ్ల డార్మిటరీ ఉన్న హాస్టల్. ఒక కొండ ఊళ్లో ఒక లాడ్జిలో రాత్రి పదింటికి మేనేజరు టీ కావాలా అంటూ రెండుసార్లు తలుపు కొట్టాడు. తలుపు తీయలేదు. లోపలి నుంచే గట్టిగా వద్దని చెప్పి, బల్ల అడ్డం జరిపి, ఆ సంగతి ఫోన్లో ఇంటికి చెప్పాను. తెల్లారగానే రెండు వీధుల అవతల ఒక టీచరమ్మ ఇంటికి మారాను. రెండో రాత్రికి కట్టిన డబ్బు పోయింది, పోనివ్వండి. మీక్కూడా ఎక్కడైనా మనసుకు తేడాగా అనిపిస్తే డబ్బు చూసుకోకుండా మారిపోండి. అందుకోసం బడ్జెట్లో కొంత విడిగా ఉంచుకోండి.

పోలీసుకు 119, అంబులెన్సుకు 1990, పర్యాటకుల సహాయానికి 1912. ఆ 1990 సువ సెరియ అంబులెన్సు ఉచితం, 2016లో మన దేశం ఇచ్చిన సాయంతోనే మొదలైంది. భారత హైకమిషన్ కొలంబోలో ఉంది, క్యాండీలో సహాయ హైకమిషన్, జాఫ్నాలో కాన్సులేట్ ఉన్నాయి. ఈ నంబర్లు, మీరు ఉండే ఇళ్ల అడ్రసులు ఒక కాగితం మీద రాసి అమ్మగారికి ఇవ్వండి. రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి. ఆవిడ టెన్షన్ సగం తగ్గేది అక్కడే.

తిండి గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. అన్నం, పప్పు, పనసకాయ కూర, ఆకుకూరలు, అన్నిటిలో కొబ్బరి, మీకు హాయిగా నచ్చుతుంది. కానీ కొబ్బరి పచ్చడిలా కనిపించే పోల్ సంబల్‌లో, కొన్ని కూరల్లో ఎండు చేప పొడి కలుపుతారు. దాని పేరు ఉంబలకడ. "శాకాహారం" అంటే చాలామంది ముక్కలు లేకపోతే చాలనుకుంటారు. కాబట్టి "మస్, మాలు, ఉంబలకడ ఎపా" అనండి, అంటే మాంసం, చేప, ఆ పొడి వద్దని. ట్రింకో, జాఫ్నా, కొలంబో వెల్లవత్తలో సైవ కడే అనే తమిళుల శాకాహార హోటళ్లుంటాయి, అక్కడ ఏ అనుమానమూ అక్కర్లేదు. ఆప్పం, ఇడియాప్పం ఎక్కడైనా దొరుకుతాయి. మధ్యాహ్నం పూట అన్నం పొట్లాలు చవక. టీ కొట్లలో అడగకుండానే పళ్లెం నిండా రొట్టెలు, బన్నులు తెచ్చి పెడతారు, కంగారు పడొద్దు, తిన్నవాటికే డబ్బు. త్రికోణం రొట్టెల్లో కొన్నింట్లో చేప ఉంటుంది, "ఎలవలు" అంటే కూరగాయలది ఇస్తారు. దాహానికి తంబిలి, అదే నారింజ రంగు కొబ్బరిబోండాం.

పౌర్ణమి రోజు, అంటే పోయా, దేశమంతా సెలవు. మద్యం అమ్మరు, మాంసం దుకాణాలు మూస్తారు, రైళ్లూ బస్సులూ భక్తులతో కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజు ప్రయాణం పెట్టుకోకుండా అనురాధపురలోనో క్యాండీలోనో ఉండండి. తెల్లబట్టల్లో, తామరపూలతో కుటుంబాలు గుళ్లకు వచ్చే దృశ్యం చూడాల్సింది.

ఖర్చు: మన రూపాయికి సుమారు మూడున్నర లంక రూపాయలు వస్తున్నాయి, వెళ్లేముందు చూసుకోండి. డార్మిటరీ మంచం, అప్పుడప్పుడు సొంత గది, తిండి, బస్సులు కలిపి రోజుకు 3,000 మన రూపాయలు పెట్టుకోండి. క్షేత్రాల టికెట్లు, జీపు, పడవ కలిపి ఇంకో 10,000. విమానం కాకుండా 50 నుంచి 55 వేలు. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ పనిచేస్తోంది, యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసుకుని వెళ్లండి. కానీ బస్సులో, టీ కొట్టులో నోట్లే కావాలి, చిల్లర ఎప్పుడూ దగ్గరుంచుకోండి. హైదరాబాద్ నుంచి నేరుగా కొలంబో విమానాలున్నాయి, కుదరకపోతే చెన్నై మీదుగా. వీసా కోసం ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రయాణ అనుమతి, ప్రభుత్వ వెబ్‌సైటులోనే తీసుకోండి, అదే పేరుతో ఎక్కువ డబ్బు గుంజే సైట్లు చాలా ఉన్నాయి. రుసుము నియమాలు తరచూ మారుతున్నాయి కాబట్టి టికెట్ కొనేరోజు ఒకసారి, బయల్దేరే వారం ఒకసారి చూడండి.

బ్యాగు ఎనిమిది కిలోలు దాటొద్దు. బస్సుల్లో సామాను పెట్టే చోటు దాదాపు ఉండదు, డ్రైవరు పక్కన ఇంజను దగ్గర పడేస్తారు. కాబట్టి పాస్‌పోర్టు, డబ్బు, మందులు చిన్న సంచిలో ఒంటిమీదే ఉండాలి. దోమలకు పూసుకునే క్రీమ్ తప్పనిసరి, డెంగీ ఉంది. హపుతలేకు ఒక స్వెట్టరు. ప్లగ్గులు చాలాచోట్ల మూడు చదరపు పుల్లలవి, అడాప్టర్ తీసుకెళ్లండి. శానిటరీ ప్యాడ్లు ఊరి సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి, మోసుకెళ్లక్కర్లేదు.

టికెట్ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. ఆ ఏడాది పెరహెర, పోయా తేదీలతో సరిచూసి ఏ ఊళ్లో ఎన్ని రాత్రులో సర్ది చెబుతాను. అమ్మగారికి నాతో మాట్లాడాలనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, సంతోషంగా మాట్లాడతాను.